మూల చాప వంతు

మా ఊరు పుత్తూరు అని చెబితే చాలు, బస్సులో పక్క సీటావిడ ముందు నా చేతుల వంక చూస్తుంది, తర్వాత కాళ్ల వంక చూస్తుంది. ఏ ఎముక విరిగిందో కనుక్కుందామని. కట్టు కట్టించుకోవడానికి తప్ప మా ఊరికి ఇంకెందుకైనా మనుషులు వస్తారని, పోతారని లోకం నమ్మదు. నేను ఐదేళ్లుగా రోజూ పొద్దున్నే పుత్తూరులో బస్సెక్కి తిరుపతి పోయి, సాయంత్రం తిరిగొస్తున్నాను, ఒక్క ఎముకా విరగకుండా. ఏం పని అని అడిగితే ఇంకో తంటా. నక్షత్రాల మీద పరిశోధన అంటాను. అనడమే ఆలస్యం, అరచెయ్యి చాపి, "మావోడికి పెండ్లి యెప్పుడైతాదో రోంత సూడమ్మా" అంటారు.

మా అమ్మ ఈ తంటాను తన పద్ధతిలో తేల్చేసింది. ఎవరడిగినా, "మా పాప నచ్చత్రాల పురిటింట్లో పని జేస్తాది" అనేది. దాంతో అడిగినవాళ్లు నోరు మూసుకునేవాళ్లు. అమ్మ నవ్వులాటకే అన్నా, మా గైడు సారు సైతం నా పని గురించి అంత సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. నేను చూసేది నక్షత్రాలు పుట్టే చోట్లనే. నక్షత్రం సాధారణంగా ఒంటరిగా పుట్టదు. పెద్ద మబ్బు లాంటి వాయువులోంచి గుంపుగా, ఒకే కాన్పులో వందలూ వేలూ పుడతాయి. పుట్టిన ప్రతిదాని చుట్టూ మిగిలిన వాయువు, ధూళి పళ్లెంలా పరుచుకుని తిరుగుతుంటాయి. దాన్ని మేము డిస్కు అంటాం. గ్రహాలు తయారయ్యేది దానిలోంచే. భూమి, భూమి మీద మా పుత్తూరు బస్టాండు, బస్టాండు ముందు ఇడ్లీ బండి, అన్నీ ఒకప్పుడు అలాంటి పళ్లెంలోని సరుకే.

గుంపులో పుట్టడంలో ఒక ఇబ్బంది ఉంది. ఆ గుంపులో ఒకటో రెండో మహా పెద్ద నక్షత్రాలు ఉండొచ్చు. వాటి అతినీలలోహిత కాంతి మామూలుది కాదు. పక్కనున్న చిన్న నక్షత్రాల డిస్కులను అంచు నుంచి కాల్చుకుంటూ వస్తుంది. అంచున ఉన్న వాయువు వేడెక్కి ఎగిరిపోతుంది, డిస్కు కుంచించుకుపోతుంది. రేపు గ్రహం కావలసిన సరుకు ఇవాళే ఆకాశం పాలవుతుంది. పెద్దదానికి దూరంగా ఉన్నవాటికి ఈ బాధ తక్కువ. కాబట్టి దగ్గరివాటికి చిన్న డిస్కులు, దూరంవాటికి పెద్ద డిస్కులు ఉండాలి. నా థీసిస్‌లో మూడో అధ్యాయం ఇదే.

రాత్రంతా మేలుకుని చుక్కలు చూస్తానని మా వీధిలో అందరికీ నా మీద జాలి. నేను తొమ్మిదిన్నరకే నిద్రపోతాను. ఎక్కడో ఎడారుల్లో, కొండల మీద ఉన్న పెద్ద పెద్ద దూరదర్శినులు చూసి పెట్టిన లెక్కలు నా ల్యాప్‌టాప్‌లోకి వస్తాయి. పట్టపగలు, ఫ్యాను కింద కూర్చుని, పల్లీలు నములుతూ వాటిని పరిశీలించడమే నా పని. ఈ పని కోసం చిత్తూరులో కాలేజీ ఉద్యోగం మానేశాను. ఎనిమిదేళ్లు ఫిజిక్స్ చెప్పిన ఉద్యోగం. బంధువులందరూ తిక్క పట్టిందన్నారు. పట్టిన మాట నిజమే గానీ, ఆ తిక్క నాకు బాగుంది.

చిక్కంతా ఏడు నక్షత్రాలతో వచ్చింది. నేను తీసుకున్న గుంపులో మిగతావన్నీ బుద్ధిగా నేను చెప్పినట్టే విన్నాయి. ఈ ఏడు మాత్రం పెద్ద నక్షత్రానికి దూరంగా, హాయిగా ఉన్న చోట ఉండి కూడా డిస్కులు ముడుచుకుపోయి ఉన్నాయి. పైగా ఆ పెద్దదాని ఒళ్లోనే కూర్చున్నట్టు కనబడే రెండింటికి డిస్కులు దిట్టంగా ఉన్నాయి. ఎన్ని రకాలుగా లెక్క వేసినా అంతే. చివరికి విసుగొచ్చి, ఈ ఏడు పుట్టుకతోనే చిన్న డిస్కులతో పుట్టి ఉంటాయి అని ఒక వాక్యం రాసి పారేశాను. ఎంత సులువైన వాక్యమో! తప్పు లెక్కది కాదు, నాది కాదు, పుట్టినదాని పుట్టుకది.

సారు ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి, "ఎలా తెలుసు?" అని మాత్రం రాశారు. వచ్చే బుధవారం కమిటీ కూర్చుంటుంది, బయట నుంచి ఒక మేడమ్ వస్తారు, ఆమె ముందు ఈ వాక్యం నిలవదు అన్నారు. నిలవకపోతే అధ్యాయం పోతుంది. అధ్యాయం పోతే థీసిస్ లేదు, ఎందుకంటే నాకిచ్చిన గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు, రెండోసారి పొడిగించరు. మళ్లీ చిత్తూరు పోయి, "మేడమ్ వచ్చేసినారా" అనే ఆ స్టాఫ్ రూమ్‌లో కూర్చోవడం తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది. 

ఇక మా మిద్దె సంగతి. మా అమ్మ అప్పడాలు చేయిస్తుంది. ఏడుగురో ఎనిమిదిమందో ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి, మినప్పిండిలో ఇంగువ, జీలకర్ర, నల్లేరు రసం కలిపి దంచి, ఒత్తి, మిద్దె మీద చాపల మీద ఆరబెడతారు. నల్లేరు ఎముకలకు మంచిదంటారు. మా ఊరికి ఎముకల ధ్యాస అప్పడాల్లో కూడా వదలదు. అప్పడానికి కొంచెం ఎండ కావాలి, తర్వాత నీడ కావాలి. ఎండ ఎక్కువైతే అంచు ముందుగా ఆరిపోయి పైకి లేస్తుంది, లేచి పగులుతుంది. పగిలిన అప్పడాన్ని పెళ్లి విస్తరిలో వేయరు.

వాళ్లలో అందరికన్నా చక్కగా ఒత్తేది నగరి అత్త. నగరి నుంచి మా వీధికి కాపురానికొచ్చింది కాబట్టి అందరికీ నగరి అత్తే. తమిళం, తెలుగు కలిపి మాట్లాడుతుంది. ఆదివారం చర్చికి పోతుంది కాబట్టి ఆరోజు ఎంత పెద్ద ఆర్డరున్నా రాదు. ఆమె ఒత్తిన అప్పడాన్ని ఎత్తి సూర్యుడికి అడ్డంగా పెడితే, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే మందం. పిల్లప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పింది కూడా ఆమే.

ఆ శనివారం తిరుచానూరులో ఒక పెళ్లికి పెద్ద ఆర్డరు. మిద్దె నిండా చాపలు. నేను బుధవారం భయంతో ఇంట్లోనే ఉండిపోయాను. పొద్దున్నే తలనొప్పి. ల్యాప్‌టాప్ ముందు ఆ ఏడు చుక్కలు నన్ను వెక్కిరిస్తున్నాయి. మెట్ల దగ్గరికి పోయి, "అత్తా, తల పగిలిపోతాండాది, రోంత రా" అని కేకేశాను. నగరి అత్త వచ్చింది. కాఫీ కలిపింది, తలకు నూనె పెట్టి మర్దనా చేసింది. "ఆ సుక్కలు యాడికీ పోవులే పాపా, కండ్లు మూసుకో" అని అరగంట నా దగ్గరే కూర్చుంది. నాకు నెమ్మదించింది. ఆమె పైకి పోయింది.

పదకొండింటప్పుడు, ఊరికే గాలి కోసం నేనూ మిద్దె ఎక్కాను. ఎక్కినదాన్ని గమ్మున ఉండొచ్చు గదా! పంతులమ్మ బుద్ధి ఎక్కడికి పోతుంది. ఒక్కో చాపా పరీక్షించుకుంటూ నడిచాను. నీళ్ల ట్యాంకు నీడలో ఉన్న చాప మీద అప్పడాలన్నీ అంచులు లేచి పగిలి ఉన్నాయి. ఎదురుగా, పక్కింటివాళ్లు మూడు నెలల కిందట నిలబెట్టిన రేకు గోడ ఉంది. పొద్దుటి ఎండ దాని మీద పడి ఆ మూలంతా పెనంలా కాలిపోతుంది. సరిగ్గా ఆ మూలన ఉన్న చాప మీద అప్పడాలు మాత్రం చక్కగా ఉన్నాయి.

"ఈ నీడ చాప ఎవరిది?" అన్నాను.

"నాదే పాపా" అంది నగరి అత్త.

"పిండిలో తేడా చేసినావత్తా. రేకు పక్కనున్నవే బాగుంటే, నీడలో ఉన్నవి పగలడమేంది? ఎండది కాదు తప్పు, నీ పిండిదే. నీళ్లు తక్కువ పోసినావు" అన్నాను. క్లాసులో బోర్డు ముందు నిలబడి తీర్పు చెప్పినట్టు, అందరూ వినేలా చెప్పాను. నాకు నా తర్కం భలే నచ్చింది కూడా.

నగరి అత్త తలొంచుకుని పగిలిన అప్పడాలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. మా అమ్మ మాత్రం చేతిలోని అప్పడాల కర్ర కింద పెట్టి లేచింది.

"ఏమే, నోరా అది, తాటిమట్టా? ఆ చాప పొద్దుననుంచీ ఈడే ఉండాదని నీకు యెవురు సెప్పినారు? ఆ రేకు గోడ వచ్చినప్పటినుంచి మేము వంతులు పెట్టుకున్నాము. పావుగంటకొకసారి ఎవురి చాప వాళ్లు ఒక తావు ముందుకు జరుపుకుంటారు. మూల వంతు అందరికీ వస్తాది, ఎవురికీ పావుగంట దాటదు. ఆ మూలనుండే చాప ఇప్పుడే ఆడికి పొయ్యింది, రోంచేపు తాళితే దాని సంగతీ తెలుస్తాది. ఈమె చాప మూలనున్నప్పుడు, తలకాయి నొస్తాదని కిందికి పిల్సింది ఎవురు? అరగంట నీ తల పిసుకుతా కూసోలేదా? వచ్చి సూసేటప్పటికి మాడిపొయినాయి. అప్పుడు జరిపింది నీడలోకి. పైగా పిండి మంచిది కాదంట!"

"వేరేవాళ్లు జరిపి ఉండొచ్చు గదా" అన్నాను.

"ఒకరి చాప ఇంకొకరు ముట్టుకోరు. జరిపేటప్పుడు ఒకటి ఇరిగినా తగువే. అది మా కట్టుబాటు."

ఒక మనిషికి సిగ్గుతో చెవులు వేడెక్కడం అంటే ఏమిటో నాకు ఆరోజే తెలిసింది. నగరి అత్త నా వైపు చూసి, "సుమ్మా ఉండమ్మా, పాపకు పరీచ్చ దగ్గర పడె, ఏదో అనింది" అని మా అమ్మనే ఊరుకోబెట్టింది. ఆ మాటతో ఉన్న కాస్త ప్రాణం కూడా చచ్చిపోయింది. క్షమించమని ఏదో గొణిగాను. అది అందరిముందూ అన్న మాటకు సరిపోయే క్షమాపణ కాదని నాకు తెలుసు. మెట్లు దిగి వచ్చేశాను.

కింద మంచం మీద ముసుగుతన్ని పడుకున్నాను. కాసేపటికి పైన ఎవరో "వంతు!" అని కేకేశారు. చాపలు గరగరమని ఈడ్చిన చప్పుడు. మళ్లీ నిశ్శబ్దం. పావుగంటకు మళ్లీ "వంతు!", మళ్లీ గరగర. ఇన్ని నెలలుగా మా ఇంటి నెత్తిన జరుగుతున్న ఈ వ్యవహారం నాకు తెలియదు, ఎందుకంటే ఆ వేళకు నేను తిరుపతిలో ఉంటాను. నేను చూసేది సాయంత్రం, ఎత్తి పెట్టిన చాపలే. మూడోసారి "వంతు!" అన్నప్పుడు ముసుగు తీసి లేచి కూర్చున్నాను.

టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. తెర మీద నా గుంపు. పెద్ద నక్షత్రం, దానికి దూరంగా నా ఏడు. అవి అక్కడే ఉన్నాయని నాకెవరు చెప్పారు? గుంపులో నక్షత్రాలు మేకులు కొట్టి నిలబెట్టినవి కావు. ఒకదాన్నొకటి లాక్కుంటూ, లోపలికి పోతూ బయటికి వస్తూ తిరుగుతుంటాయి. ఇది నాకు తెలియని సంగతి కాదు, చిత్తూరులో బీఎస్సీ పిల్లలకు నేనే చెప్పాను! తెలిసి కూడా, ఈరోజు ఎక్కడ కనబడితే పుట్టినప్పటినుంచీ అక్కడే ఉందని లెక్క కట్టి, దూరంగా ఉండి కూడా చిక్కిపోయావంటే నీ పుట్టుకే అంత అని తీర్పు రాశాను. పొద్దున నగరి అత్తకు చెప్పిన తీర్పు, ఎర్రగీత పడిన తీర్పు, రెండూ ఒక్కటే.

ఏ నక్షత్రం ఏ వైపుకు, ఎంత వేగంతో కదులుతోందో చెప్పే అంకెలు నా ఫైలులోనే, ఐదో అధ్యాయం కోసం తీసిపెట్టినవి ఉన్నాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. ఆ మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా వాటిని పెట్టుకుని ఒక్కో నక్షత్రాన్నీ వెనక్కి నడిపించాను. ముతక లెక్కే. మొదటిది వెనక్కి పోయిపోయి పెద్ద నక్షత్రం పక్కనే తేలింది. కింద ఎవరూ లేకపోయినా, "మాడిపోయింది ఇక్కడా!" అని అరిచాను. ఆది, సోమ, మంగళవారాలు అదే పని. ఏడింటిలో నాలుగు ఒకప్పుడు పెద్దదాని పక్కనుంచి వచ్చినవే. ఒకదాని అంకెలు నమ్మేలా లేవు. రెండు మాత్రం ఎటునుంచి వచ్చాయో నాకు అంతుబట్టలేదు. దిట్టమైన డిస్కులతో పెద్దదాని ఒళ్లో కూర్చున్న ఆ రెండు ఉన్నాయే, అవి ఇప్పుడిప్పుడే అక్కడికి వచ్చినవి. మూల వంతు వాటికి ఇప్పుడే మొదలైంది.

బుధవారం కమిటీ గదిలో ఏసీ చలికి కాదు, భయానికి నా పళ్లు టకటకలాడాయి. బయట నుంచి వచ్చిన మేడమ్ మూడో అధ్యాయం దగ్గరే ఆగారు. "దూరంగా ఉన్న ఈ చిన్న డిస్కుల మాటేమిటి? చిన్నగానే పుట్టి ఉండొచ్చు కదా?" అని అడిగారు. అడిగింది ఇంగ్లీషులో. నేను ఇంగ్లీషులోనే మొదలుపెట్టి, కదలికల బొమ్మలు చూపించాను. ఆమె కనుబొమలు ముడిచి చూస్తూనే ఉన్నారు. అప్పుడు ఇక ఆగలేక మా మిద్దె, రేకు గోడ, చాపలు, వంతులు, అన్నీ చెప్పేశాను. నేను నగరి అత్తను అన్న మాట కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, దాచుకోబుద్ధి కాలేదు.

మేడమ్ నవ్వారు. నవ్వి, "మిగిలిన మూడు?" అన్నారు.

"తెలియదు" అన్నాను. "చిన్నగా పుట్టి ఉండొచ్చు, ఇంకేదో జరిగి ఉండొచ్చు. చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. తెలియదనే రాస్తాను."

సారు కిటికీలోంచి బయటికి చూస్తూ మీసాల్లో నవ్వుకుంటున్నారు. అరగంట నన్ను వరండాలో నిలబెట్టి, తర్వాత లోపలికి పిలిచారు. ముతక లెక్కను సరిగ్గా చేసి చూపించాలి, ఆ వాక్యం కొట్టేయాలి. అధ్యాయం ఉంటుంది, థీసిస్ సమర్పించుకోవచ్చు అన్నారు. తిరుగు బస్సులో పక్క సీటావిడ నా చేతులు చూసి, "యాడ ఇరిగిందమ్మా?" అంటే, "యాడా ఇరగలేదక్కా, ఈరోజు అతుక్కునింది" అన్నాను. పాపం, ఆమెకు ఏమీ అర్థం కాలేదు.

మరుసటి పొద్దున నేను తిరుపతి పోలేదు. ఆడవాళ్లంతా చాపలు పరిచాక మిద్దె ఎక్కి, అందరి ముందరా నగరి అత్త ఎదుట కూర్చున్నాను. "శనివారం నీ పిండిని అన్నాను. తప్పు నాది. నీ చాప మాడిందే నా వల్ల. అందరూ వినాల" అన్నాను. తర్వాత కమిటీ కథంతా చెప్పాను. మా అమ్మ ఉబ్బిపోయింది. మిగతావాళ్లు, "మన వంతులు ఇంగిలీసులో సెప్పినావా!" అని పకపకా నవ్వారు. నగరి అత్త ఒత్తుతూనే వింది.

"పాపా, మన సూర్యుడు గూడా అట్లాంటి గుంపులోనే పుట్టినాడా?" అంది చివరికి.

"పుట్టినాడనే అనుకుంటాము. తోడబుట్టినోళ్లంతా ఎప్పుడో చెదిరిపోయినారు."

"మరి మూలనుండి వచ్చినాడా, నీడలోనే ఉండినాడా?"

"తెలీదత్తా."

"మూలన ఎక్కువసేపు ఉండుంటే ఈ భూమి ఇట్లే ఉండునా?"

"అదీ తెలీదు."

నగరి అత్త అప్పడాల కర్ర ఆపి నా మొహంలోకి చూసింది. "తెలీదని యెంత బాగా సెప్తాండావు! ఈ మాట శనివారమే సెప్పింటే సరిపొయ్యుండు గదమ్మా."

మిద్దె ఎగిరిపోయేలా నవ్వారందరూ. నాకూ నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. అంతలో మా అమ్మ "వంతు!" అని కేకేసింది. ఎవరి చాప దగ్గరికి వాళ్లు లేచారు. నేను అడ్డం లేకుండా గోడ వైపు జరగబోయాను.

"యాడికి పోతాండావు?" అంది నగరి అత్త, వంగి తన చాప ఒక కొస పట్టుకుంటూ. "ఆ కొస పట్టుకో. నిదానం పాపా, ఒకటి గూడా ఇరగగూడదు."